డ్రమ్ము నీళ్లు, హౌజు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాన నీళ్లను రెండు రకాలుగా పట్టేవారు. మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒక ఊరు. రోడ్డు అవతల మందుల ఫ్యాక్టరీ వచ్చిన రెండేళ్లకే బోరు నీళ్లు చేదెక్కాయి. అందుకని మా తాతయ్య ఇంటి స్లాబుకు గొట్టం పెట్టించాడు. కానీ ఫ్యాక్టరీ పొగ రోజూ ఆ స్లాబు మీదే మసిలా దిగేది. వట్టి కాళ్లతో ఎక్కితే అరికాళ్లకు అంటుకునే జిడ్డు సబ్బుకు కూడా వదిలేది కాదు.

నాలుగు రోజులు తెరిపి ఇచ్చి వాన పడితే, ముందు వచ్చే నీళ్లలో ఆ మసంతా ఉంటుందని తాతయ్యకు తెలుసు. గొట్టం తిప్పే పని నాది. నల్లగా వచ్చినంతసేపు కొట్టం పక్కనున్న నీలం డ్రమ్ములోకి, తేటపడ్డాక ఇంట్లోని హౌజులోకి, అంటే సిమెంటు తొట్టిలోకి. ఎంతసేపటికి తేటపడిందో నోట్‌బుక్కులో రాయమన్నాడు. నాకు డైరీ అలవాటైంది అలాగే. హౌజు నీళ్లు మేము తాగేవాళ్లం. డ్రమ్ము నీళ్లు మా పొలంలో నాట్లకు వచ్చే ఆడవాళ్లు తాగేవారు. మసి అడుగుకు చేరితే పైన నీళ్లు మామూలుగానే కనిపించేవి. అది తప్పని నాకు తోచలేదు. నా పేజీలో అవి రెండు గడులు, అంతే.

ఆ గుంపులో ఒక అక్క మూడేళ్ల కూతురిని చంకనేసుకొని వచ్చేది. నన్ను చూస్తే ఆటపట్టించేది. "చిన్న పటేలా, గా బుక్కుల మా ఆయన తిట్టిన దినాలు గూడ రాయి, పంచాయితీల జూపిస్త."

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె గ్లాసు వాసన చూసి తాతయ్య దగ్గరికి వచ్చింది. "పటేలా, నీళ్లు ఏందో మందు వాసనొస్తున్నయి. పోరి మూడొద్దుల సంది కక్కుతాంది. గీ పసిదానికి ఒక్క చెంబు హౌజుల నీళ్లిప్పియ్యుండ్రి."

నాట్లు సగమే అయ్యాయి. హౌజు నీళ్లిస్తే డ్రమ్ము నీళ్లు మంచివి కావని ఒప్పుకున్నట్టే; గుంపు అలిగి పోతే నారు ముదిరిపోతుంది. తాతయ్య నవ్వాడు. "మీ ఇంట్ల ఏం పన్నీరు తాగుతున్నవే? మా పోరడు గూడ గివ్వే తాగుతడు. ఇటు రారా."

డ్రమ్ములో చెంబు ముంచి నాకిచ్చాడు. ముందురోజు నల్లనీళ్లను అందులోకి తిప్పింది నేను, తిప్పమన్నది ఆయన. ఆయన మొహం చూసి తాగేశాను. నాలుక మీద కాలిన రబ్బరు రుచి. తాతయ్య ఖాళీ చెంబును బోర్లించి అందరికీ చూపించాడు.

"అగో, పటేల్ మనుమడే తాగిండు. నీ బిడ్డ రాజుల ఇంట్ల పుట్టిందా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. అక్క తలదించుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్లి పిల్ల కోసం గ్లాసు నింపింది.

తాతయ్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి అంతా కక్కించాడు. హౌజు నీళ్లతో నోరు కడిగి, తువ్వాలుతో తుడిచి, వీపు నిమిరాడు. "మంచిగ జేసినవ్ బిడ్డా. వాళ్లు చూసిండ్రు, సాలు." ఆయన చెయ్యి అంత మెత్తగా నాకు మరెప్పుడూ తగల్లేదు.

మర్నాడు అక్క నాకోసం రెండు కాల్చిన మక్కకంకులు తెచ్చింది. "అనుమానపడ్డ, మనసుల వెట్టుకోకు చిన్న పటేలా. నీళ్లది గాదు, దిష్టి తగిలింది. తాయెత్తు కట్టిచ్చిన." పిల్ల చేతికి కొత్త నల్లదారం ఉంది. ఆ చేత్తోనే గ్లాసు పట్టుకొని డ్రమ్ము నీళ్లు తాగుతోంది. నేను కంకి తీసుకున్నాను. తిన్నాను కూడా.

నాట్లు అయ్యేదాకా పిల్ల ఆ నీళ్లే తాగింది. మరుసటేడు అక్క మా పొలానికి రాలేదు. పిల్ల ఏమైందో నేను ఎవరినీ అడగలేదు.

ఉద్యోగం అయిపోయి ఇంటిపట్టునే ఉంటున్న ఈ వయసులో, మా ఇంటికి వచ్చినవాళ్లు అప్పుడప్పుడు ఈ నీళ్లు మంచివేనా అని అడుగుతుంటారు. నేను తాగి చూపించను. అవి ఎక్కడివో, ఎలా పట్టామో చెబుతాను. తాగాలో వద్దో వాళ్లిష్టం. ఆ రోజు అక్క చెంబెడు నీళ్లే అడిగింది. అవి మసి నీళ్లన్న ఒక మాట నా దగ్గర ఉండింది, అది కూడా ఇవ్వలేదు.