గొడుగు అడిగి తీసుకెళ్లిన వదిన

మా పేటలో అందరికంటే ముందు బాప్తిస్మం పుచ్చుకున్నది మా వదిన, మా ఆయనకు పెద్దక్క. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ మాటకు పేటలో ఎదురు లేదు. నాకు ప్రార్థన నేర్పింది, మనస్సాక్షి అంటే ఏమిటో చెప్పింది ఆవిడే. ఊడ్పుల చేలో నా పక్కన వంగి నాటుతూ, "లోపల ఒకడు కూర్చుని చూస్తుంటాడమ్మాయ్. వాడి నోరు మాత్రం ఎప్పుడూ నొక్కకు" అనేది. నేను నమ్మాను. ఈనాటికీ నా కడుపుమంటంతా అలా నమ్మినందుకే.

ఊడ్పుల ముఠాకు పెద్ద కూడా వదినే. అందులో మా క్రైస్తవులం కొందరం, మిగిలినవాళ్లు వేరే పేటల ఆడవాళ్లు. ఆదివారం మాలో ఎవరమూ మడిలో కాలు పెట్టకూడదన్న కట్టుబాటు ఆవిడే పెట్టింది. పొలం కామందు గారి దగ్గరికి వెళ్లి ఒప్పించింది కూడా ఆవిడే.

ఆ ఏడు కాలవకు నీళ్లు ఆలస్యంగా వదిలారు. అందరికీ ఒకేసారి తొందర. ఆదివారం ఎలాగూ పని లేదు కదా, శనివారమే ముగించేద్దామని ఆశపడి వదిన ఆకుమడిలో నారు మొత్తం పీకించేసింది. ఆదివారం పాటించేవాళ్లు తప్ప ఇంకెవరూ అంత పిచ్చిపని చెయ్యరు. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది, పొద్దుగూకేసరికి సగం కట్టలు గట్టు మీదే మిగిలాయి. కామందు గారు వచ్చి చూశారు. రేపు ఇవి ఊడ్వకపోతే కుళ్లిపోతాయని, అలా జరిగితే వచ్చే ఏడు ముఠా ఇంకొకరికి అప్పజెబుతానని అన్నారు. వదిన మమ్మల్ని పక్కకు పిలిచి, ఎవరూ కదలొద్దని, దేవుడే దారి చూపిస్తాడని చెప్పింది. ఆవిడ ధైర్యం చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు ఆరాధన అయ్యాక వదిన మా ఇంటికి వచ్చింది. ఏటి లంకలో పిన్నికి జ్వరమట, చూసి వస్తాను, నీ గొడుగు ఇయ్యి అంది. నెత్తి మీంచి నడుం దాకా వీపును కప్పే తాటాకు గొడుగు అది. చిరిగినచోట నా పాత చీర అంచు పెట్టి కుట్టుకున్నాను, దూరం నుంచి కూడా ఆ ఎర్ర పేలిక కనిపించేది. నేనే కొంగుతో తుడిచి చేతికిచ్చాను. పిన్నికి పెట్టమని రెండు అరటిపళ్లు కూడా ఇచ్చాను. నా తెలివి అలా ఉండేది మరి.

ఆ మధ్యాహ్నమే మా మిషను తెల్లదొరగారు, పేటలో ఆరాధన నడిపే ఉపదేశి గారు పడవలో కాలవ వెంట వచ్చారు. చేలో వంగి ఊడుస్తున్న ఆడవాళ్లు కనిపించారు. మొహాలు ఆనలేదు గాని, ఒక వీపు మీద ఎర్ర పేలిక కనిపించింది. వాన కురిసిన ప్రతి ఆదివారం మేం ఆరాధన చేసుకునే బడిపాక చూరుకు వేలాడే ఆ గొడుగు ఎవరిదో ఉపదేశి గారికి తెలుసు.

ఆ వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె పుచ్చుకునే రోజు. ముందురోజు ఒక్కొక్కరం బడిపాకలో నిలబడి, మనస్సాక్షి నిర్మలంగా ఉందని చెప్పాలి. అది మా సంఘం పద్ధతి. నా వంతు రాగానే దొరగారు గొడుగు సంగతి అడిగారు. నేను వెళ్లలేదన్నాను. వదిన అడిగితే ఇచ్చానన్నాను. పాకలో అందరూ నన్ను ఎలా చూశారని! దేవతలాంటి మనిషి మీద నింద వేస్తున్నట్టు చూశారు.

నేను వదిన వైపు తిరిగాను. ఒక్క మాట చాలు, చెబుతుందనే అనుకున్నాను. వదిన లేచింది, దొరగారికి చేతులు జోడించింది.

"చిన్నపిల్లండి. కూలికి ఆశపడి వెళ్లుంటుంది. భయపడి నా పేరు చెబుతోంది. నా మొహం చూసి క్షమించండి."

ఆవిడకు కన్నీళ్లు వచ్చాయి.

దొరగారు మెత్తబడ్డారు. రేపు అందరి ముందు తప్పు ఒప్పుకుంటే బల్ల దగ్గరికి రావచ్చన్నారు. ఇంటికి వచ్చాక మా ఆయన బతిమాలాడు, ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఇంత రచ్చ ఎందుకన్నాడు. అక్క అబద్ధమాడుతుందా అని కూడా అన్నాడు. చెయ్యని పాపం ఒప్పుకుంటే అదే పాపం కదా అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు నేను తప్పు ఒప్పుకోకుండా బడిపాక బయట చూరు కింద కూర్చున్నాను. లోపల రొట్టె పంచారు. అందరికంటే ముందు వదిన చెయ్యి చాచింది. ఆ చెయ్యి చూస్తుంటే నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది, దాచను. దొరగారు తమ సీమకు వెళ్లిపోయి, కొత్తాయన వచ్చి, పాత సంగతులు అడక్కుండా అందరినీ పిలిచేదాకా నేను ఆ చూరు కిందే కూర్చున్నాను. ముఠా మాత్రం వదిన చేతిలోనే ఉండిపోయింది. ఎదురుపడితే అన్నం తిన్నావా అని ఆప్యాయంగా పలకరించేది. అదే నాకు భరించడం కష్టమయ్యేది.

మొన్న వర్షాకాలంలో వదిన పోయింది. సమాధి దగ్గర ఇప్పటి ఉపదేశి గారు ఆవిడ భక్తి గురించి చాలాసేపు చెప్పారు. ఆదివారం మీరి పనికి వెళ్లిన మరదలి కోసం కన్నీళ్లతో క్షమాపణ అడిగిన తల్లి అన్నారు. పాపం, ఆయనకు ఎవరు చెప్పారో. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన నా వంక చూశాడు, ఇప్పుడైనా ఆమెన్ అనవే అన్నట్టు.

నేను అనలేదు. లోపలివాడి నోరు నొక్కకని నాకు నేర్పింది ఆవిడే.