ఆదివారం పొద్దుటి ఆట

మొన్న మా ఆవిడా నేనూ ఒక చిన్న ఇంగ్లీషు సినిమా చూద్దామని మల్టీప్లెక్స్‌కి వెళ్తే, దాన్ని అప్పటికే ఎత్తేసి, ఉన్న తెరలన్నీ ఒక పెద్ద తెలుగు సినిమాకి ఇచ్చేశారు. లాబీలో కుర్రకారు కాగితం ముక్కలు ఎగరేస్తుంటే మనవాళ్ల సినిమాకి ఇంత వైభవం పట్టినందుకు సంతోషించవలసిందే, కానీ నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంట నిన్నమొన్నటిది కాదు, నలభై ఏళ్ల పైమాటే.

మేము ఈ దేశం వచ్చి ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో కాపురం పెట్టిన కొత్తలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపితే నలభై తెలుగు కుటుంబాలు ఉండేవేమో. ఏ తెలుగు సినిమా అయినా దేశం మొత్తానికి ఒకటే ప్రింటు వచ్చేది, అది ఊరూరా తిరుగుతూ నెలకోసారి మా వంతుకి వచ్చేది. శనివారం ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి రీళ్ల డబ్బాలు కార్లో వేసుకు రావడం, సోమవారం వాటిని తర్వాతి ఊరికి పంపడం నా పని. మా పక్క ఊళ్లో ఒకటే తెర ఉన్న పాత థియేటరు ఉండేది. ఆదివారం పొద్దున అందరూ చర్చికి పోతారు, హాలు ఎలాగూ ఖాళీయే కదా అని దాని ఓనరు, అరవై దాటిన పెద్దమనిషి, ఆ ఆట మాకు వదిలేశాడు. కాగితం మీద రాసుకోమని మా ఆవిడ పోరుతూనే ఉంది, పెద్దాయన చేతిలో చెయ్యి వేశాక ఇంకా కాగితమేమిటని నేను కొట్టిపారేశాను.

మా ఆవిడ రెండో పురిటికని ఆ ఏడు మా అత్తగారు ఆరు నెలలు వచ్చి ఉన్నారు. మా మావగారు పోయిన తర్వాత పదేళ్లుగా ఆవిడ సినిమా హాలు గడప తొక్కలేదు. భర్త పోయిన మనిషికి సినిమాలేమిటని ఊళ్లో అంటారని భయం. ఇక్కడ అనేవాళ్లెవరూ లేరు కాబట్టి, మొదటిసారి మేము బలవంతాన తీసుకెళ్లినా, రెండోసారికి అందరికంటే ముందు తయారై కూర్చున్నారు. ఆడవాళ్ల వరసలో కూర్చుని హాస్యం వచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరచిపోయి పగలబడి నవ్వేవారు. అలా ఐదు ఆదివారాలు గడిచాయి. ఆరోది తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు పడింది. దాని కోసం ఆవిడ ఒక పట్టుచీర విడిగా తీసి పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ వేసవికే ఇక్కడి పెద్ద సినిమాల ధోరణి ముదిరింది. అంతకు ముందు ఏ సినిమా అయినా రెండు వారాలు ఆడి పోయేది. ఇప్పుడు ఒకే బొమ్మ దేశమంతా ఒకే రోజున విడుదలై, వేసవి అంతా కదలకుండా కూర్చోవడం మొదలైంది. టీవీ పెడితే అదే, మా పెద్దమ్మాయి స్కూలు లంచ్‌బాక్సు మీదా అదే. శుక్రవారం సాయంత్రం ఓనరు ఫోన్ చేసి, ఆ సినిమా కంపెనీ ఒక్క ఆట కూడా ఇంకెవరికీ ఇవ్వకూడదని షరతు పెట్టిందనీ, ఒప్పుకోకపోతే బొమ్మే ఇవ్వరనీ, క్షమించమనీ చెప్పాడు.

ఆ పూటే అందరికీ ఫోన్లు చేసి ఆట లేదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు. మన ఊళ్లో ఏ ఆఫీసులో కుదరదన్నా, ఎదురుగా వెళ్లి నిలబడి మొహం చూపిస్తే పని జరిగేది కదా, నలభై కుటుంబాలు పిల్లాపాపలతో గుమ్మం ముందుకొస్తే ఆ పెద్దాయన కరగడా అనుకున్నాను. అందరినీ రమ్మన్నాను. అత్తగారికి అసలు సంగతే చెప్పలేదు.

అందరూ వచ్చారు. రెండు గంటలు డ్రైవ్ చేసుకుని పులిహోర డబ్బాలతో వచ్చినవాళ్లూ ఉన్నారు. ఓనరు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. కంపెనీ పంపిన మనిషి లాబీలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇంక ఆ ముసలాయన మాత్రం ఏం చేస్తాడు? అప్పటికే పక్క వీధి దాకా క్యూ ఉంది. కాసేపు నన్ను తిట్టుకుని, పార్కింగ్‌లోనే పులిహోర తిని, మావాళ్లలో సగం మంది వెళ్లి ఆ క్యూలోనే నిలబడ్డారు. మా పెద్దమ్మాయి ఎగిరి గంతేసి అందరికంటే ముందు పరిగెత్తింది. పిల్ల మీద కోపం తెచ్చుకోకూడదు, కానీ వచ్చింది.

అత్తగారు పట్టుచీరతో కార్లో కూర్చునే ఉన్నారు. నేను ఏదో చెప్పబోతే, “పోన్లే బాబూ, చూసినవి చాల్లే. అంతమందినీ పిలిచి ఎండలో నిలబెట్టావు, అదే బాలేదు,” అన్నారు. బుధవారం విమానం ఎక్కారు.

ఆ వేసవి పోయి ఇంకో వేసవి వచ్చినా మా ఆదివారం ఆట మాకు తిరిగి రాలేదు. ఆ తర్వాత వీసీఆర్‌లు వచ్చి ఎవరి ఇంట్లో వాళ్లం తలుపులు వేసుకుని చూసుకోవడం అలవాటైంది, ఇప్పుడు ఒకే సోఫాలో కూర్చుని కూడా ఎవరి ఫోను వాళ్లదే. ఆ కంపెనీని నేను ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను, తిడుతూ ఉంటే నా పొరపాటు కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది. అత్తగారు ఊరికి వెళ్లాక మళ్లీ హాలు మొహం చూడలేదు. ఇంటికి టీవీ వచ్చాక కూడా కాసేపు చూసి లేచిపోయేవారట. అమ్మ గట్టిగా నవ్వడం పెద్దయ్యాక తానెప్పుడూ వినలేదని మా బావమరిది అంటాడు. నేను విన్నానని అతనికి ఇంతవరకూ చెప్పలేకపోయాను.