ముందు చక్రాల నియమం

గట్టమ్మ గుడి ముందు వేగం తగ్గించకుండా ములుగులోకి పోయే బండి అరుదు. లారీ కానీ జీపు కానీ ఆ గుట్ట పక్కకు రాగానే నెమ్మదిస్తుంది. కొందరు దిగి దండం పెట్టుకుంటారు, కొందరు కిటికీలోంచే నాణెం విసిరి సాగిపోతారు. రోజూ హన్మకొండ నుంచి ములుగు బడికి కారులో పోయే రెబెకాకు ఈ సంగతి కొత్త కాదు. అయినా జూలైలో ఒక వాన ఉదయం, ముందున్న జీపు ఉన్నట్టుండి ఆగినప్పుడు, ఆమె కారు ఆగవలసిన చోట ఆగలేదు.

బ్రేకు మీద కాలు పూర్తిగా ఉంది. పెడల్ పాదం కింద గడగడ కొట్టుకుంటోంది. చక్రాలు బిగుసుకుపోకుండా యంత్రం తన పని తాను చేస్తోందని ఆమెకు అర్థమవుతూనే ఉంది, కారు మాత్రం నీటి పొర మీద ముందుకే పోతోంది. చివరకు రోడ్డు అంచు మట్టివైపు వాలి, జీపు వెనుక తలుపుకు జానెడు దూరంలో నిలిచింది. జీపులో కూర్చున్న ముసలామె ఆ కారును చూసి చేతిలోని కొబ్బరికాయను గుండెకు హత్తుకుంది.

పక్క సీటులో తోటి టీచరు నాజియా ఒళ్లోని టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఉంది. బడి చేరేదాకా దాన్ని వదల్లేదు. మరునాడు పొద్దున నాజియా ఫోన్ చేసింది.

"అక్కా, నేను ఇయ్యాల బస్సుల పోతాన. నువ్వేమనుకోకు."

"నేనేమనుకుంట? పో," అంది రెబెకా. ఫోన్ పెట్టేసి, పక్క సీటు ఖాళీగానే బడికి బయలుదేరింది.

రెబెకా బడిలో భౌతికశాస్త్రం చెబుతుంది, నాజియా గణితం. రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకటే ప్రయాణం. బస్సు పట్టుకోవాలంటే నాజియా తన చిన్న కూతురిని నిద్రలోనే వదిలి ఇల్లు దాటాలి, కారైతే పాపకు జడ వేసి, పాలు తాగించి బయలుదేరవచ్చు. వారం గడిచేసరికి స్టాఫ్ రూములో ఆమె మెల్లగా అంది: "పొద్దున లేచి నేను కనవడక పాప ఏడుస్తాందట. ఇట్లనే అయితే దసరా తర్వాత లాంగ్ లీవ్ పెడ్త అక్కా." రెబెకాను నిందించే గొంతు కాదది. అందుకే ఆ మాట ఆమెను వదల్లేదు.

ఆ కారు రెబెకా ఇష్టపడి కొనుక్కున్నది. తక్కువ ఎత్తు, వెడల్పు చక్రాలు, కాలు మోపగానే వీపును సీటుకు అదిమే విద్యుత్ మోటారు. పిల్లలు దానికి రాకెట్ అని పేరు పెట్టారు. కొనేటప్పుడు ఆమె బ్యాటరీ గురించి చదవనిది లేదు, టైర్ల గురించి చదివింది తక్కువ. ఇప్పుడు అవే అరిగాయి. విద్యుత్ కారు పెట్రోలు కారుకన్నా బరువు, మోటారు తన బలాన్నంతా మొదటి క్షణంలోనే చక్రానికి అందిస్తుంది. ఆ రెంటి మధ్యా నలిగేది రబ్బరే.

ములుగు రోడ్డులో వెంకట్రాజం టైర్ల దుకాణం. లోతు కొలిచే పరికరాన్ని టైరు గాడిలోంచి తీసి ఆయన రెబెకాకు చూపించాడు.

"మేడం, వీటితోని ఎండల తిరుగుండ్రి, ఫికర్ లేదు. వానల మాత్రం మీ కారు పడవే."

"మంచి గ్రిప్ ఉన్నది కావాలె. వాన నీళ్ల మీద ఆగాలె."

"గ్రిప్ ఉంటే తొందరగ అరుగుతది. అరగంది పెట్టుకుంటే ఛార్జింగ్ గూడ మిగులుతది. ఏది కావాల్నో మీరే చెప్పుండ్రి."

"రెండూ కావాలె."

"గట్లనే అంటరు అందరు. ఇప్పటిదాక ఒక్కలకు గూడ దొర్కలే."

ఆయన మూడు రకాలు చూపించాడు. మొదటిది కారుతో వచ్చినవాటిలాంటి మెత్తని స్పోర్ట్స్ టైరు. పొడి రోడ్డును జిగురులా పట్టుకుంటుంది, కానీ దాని గాడులు మొదటినుంచీ లోతు తక్కువ. రెండోది ఛార్జింగ్ మిగిల్చే గట్టి టైరు. తడి రోడ్డు మీద పట్టుకు దానికి ఇచ్చిన గ్రేడు రెబెకాకు నచ్చలేదు. మూడోది అన్ని కాలాలకూ పనికివచ్చే పర్ఫార్మెన్స్ టైరు. దాని పక్కగోడ మీద మంచు కొండ గుర్తు ఉంది. వరంగల్లో మంచు కురవదు కనుక ఆ గుర్తుతో ఆమెకు పని లేదు. మంచు కోసం మెత్తగా చేసిన రబ్బరు మే నెల తారు రోడ్డు మీద ఎలా ఉంటుందన్నదే ఆమె అనుమానం. అయితే మంచును పట్టడానికి కోసిన సన్నని చీలికలు, వెడల్పు గాడులు నీటిని పక్కలకు బాగా తోస్తాయి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె కూడా కారుకు సరిపోయింది. రెండు రోజులు ఆలోచించి, ఎండలో కొంత త్వరగా అరిగినా సరే, వానలో ఆగేదే కావాలని మూడోదానికి ఒప్పుకుంది.

ఆ సైజులో రెండే ఉన్నాయి. మిగతా రెండు హైదరాబాద్ నుంచి రావాలి.

"రెండు ఇప్పుడు ఎక్కిచ్చుకోండ్రి, రెండు వచ్చినంక ఎక్కిద్దాం. కొత్తవి ముందుకే గద?" అన్నాడు వెంకట్రాజం.

"ముందుకే," అంది రెబెకా. ఆ జవాబుకు ఆలోచించవలసిన అవసరమే ఆమెకు కనిపించలేదు.

తండ్రి సుందర్ రావు ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వర్ధన్నపేటలో ఉన్నప్పుడు ఆమె చిన్నతనమంతా డిపో మాటలతోనే గడిచింది. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి మళ్లీ వాడతారు కదా, అలాంటిది బస్సు ముందు చక్రానికి ఎన్నడూ ఎక్కించరు. ముందు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. అందుకే కొత్త టైరు ముందుకు, అతికించినది వెనుకకు. ఆయన స్టీరింగ్ పట్టకముందు వంగి చూసేది ముందు చక్రాలనే. ఇంటికి వచ్చిన కారును చూసి కూడా ఆయన అదే అడిగాడు.

"కొత్తవి ముందటికేనా బిడ్డా?"

"నీ బిడ్డను నాయినా. వెనుకకు ఎందుకేస్త?"

ఆయన తృప్తిగా తలాడించాడు. పాత నాలుగింటిలో మేలైన రెండు వెనుకకు పోయాయి. ఆ సాయంత్రమే రెబెకా నాజియాకు ఫోన్ చేసింది.

"టైర్లు మార్చిన. సోమవారం వస్తవా?"

నాజియా అంది: "నువ్వు మంచిగున్నయంటే వస్త. నాకు టైర్ల గురించి ఏం తెల్వది అక్కా. నువ్వు చెప్పిందే నాకు లెక్క."

ఆ చివరి మాట రెబెకాకు బరువనిపించింది. ఆదివారం ప్రార్థన ముగిశాక, వాన పడుతుండగానే, ఒంటరిగా ములుగు దారి పట్టింది. గూడెప్పాడ్ దాటాక ఖాళీ చోటు చూసి రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసింది. ముందు చక్రాలు నీటిని చీల్చుకుని రోడ్డును పట్టాయి, కారు తిన్నగా ఆగింది. ఆమె ఊపిరి తేలికయింది. నాజియాకు ఏం చెప్పాలో మనసులోనే వాక్యం కూర్చుకుంది కూడా.

గట్టమ్మకు ముందు వంపులో, ఎదురుగా లారీ వస్తుండగా, ఆమె యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసింది. బ్రేకు తాకనైనా తాకలేదు. కారు తోక ఎడమకు జరిగింది. మొదట మెల్లగా, ఎవరో పక్కనుంచి తోసినట్టు, మరుక్షణం వేగంగా. అద్దంలో రోడ్డుకు బదులు పొలం కనిపించింది. కారు ముక్కు లారీ వచ్చే వైపు తిరుగుతోంది. ఆమె స్టీరింగును జారే దిక్కుకే తిప్పి, బిగపట్టిన చేతులతో అక్కడే ఉంచింది. లారీ హారన్ చెవి పక్కనుంచి పోయింది. తోక ఒకసారి కుడికి, మళ్లీ ఎడమకు ఊగి సర్దుకుంది.

పక్కకు ఆపి వానలోనే దిగింది. వెనుక చక్రం ముందు మోకాళ్లూని గాడిలో వేలు పెట్టి చూసింది. వేలి గోరు మునగలేదు.

తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసింది. తండ్రి బస్సుకు వెనుక ఒక్కో పక్కకు రెండేసి చక్రాలు. ఒకటి పోయినా ఇంకొకటి మోస్తుంది. ఆ నియమం టైరు పేలడం గురించి, జారడం గురించి కాదు. ఆమె కారుకు వెనుక ఒక్కో పక్కకు ఒక్కటే చక్రం, మోటారు ఉన్నది వెనుకనే. కాలు తీయగానే అదే మోటారు కరెంటు తయారుచేస్తూ వెనుక చక్రాలను ఆపుతుంది. ముందు చక్రాలు రోడ్డును ఎంత బాగా పట్టుకుంటే అరిగిన వెనుక చక్రాలు అంత సులువుగా పక్కకు పోతాయి. రెండే కొత్తవైతే వెనుకకు వేయాలని టైరు కంపెనీ సూచనల్లో రాసే ఉంది. రబ్బరు గురించీ గాడుల గురించీ ప్రతి వాక్యం చదివిన రెబెకా ఆ ఒక్క వాక్యం చదవలేదు. తనకు తెలిసిన విషయమే కదా అనుకుంది.

నాజియా పక్కన ఉండి ఉంటే అన్న ఆలోచనను ఆమె పూర్తి చేయలేదు.

ఇంటికి వచ్చాక తండ్రికి చెప్పింది. ఆయన లేచి వెళ్లి కారు వెనుక చక్రాలను వంగి చూశాడు.

"బస్సుకు చెప్పింది కారుకు వెట్టినవ్. గిప్పుడు తప్పు నాదంటవా?"

"చదవక వెట్టిన గద. నాదే."

"ఇద్దరిది," అన్నాడాయన. "వెనుకకు మార్చినా అరిగినయి ముందట ఉంటయి. నాలుగు కొత్తవి అయ్యేదాక కారు తియ్యకు బిడ్డా," అన్నాడు.

సోమవారం పొద్దున రెబెకా బస్టాండులో నిలబడింది. నాజియాకు ముందే ఫోన్ చేసి, కారు లేదు, బస్సుకే రమ్మని మాత్రం చెప్పింది. నాజియా వస్తూనే అడిగింది.

"రాకెట్ ఏమైంది? పేలిందా?"

"ఎక్కు, చెప్త."

కిటికీ పక్కన కూర్చున్నాక లారీతో సహా అంతా చెప్పింది. నాజియా డబ్బాను ఒళ్లోకి లాక్కుంది.

"అంటే నేను ఇయ్యాల దాంట్లనే కూసునేదాన్ని."

"అవును."

"నువ్వు చెప్పకుంటే నాకు తెలుస్తుండెనా?"

"తెల్వకపోవు."

నాజియా కిటికీవైపు తిరిగింది. గట్టమ్మ దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు, ఇటు తిరగకుండానే అడిగింది: "మిగిలిన రెండు ఎప్పుడొస్తయట?"

అవి ఆ వారం చివరకు వచ్చాయి. రెబెకా నాలుగూ ఎక్కించుకుని, మొదటి వానకు ఒక్కతే అదే వంపు దాకా పోయింది. కాలు తీసింది. తోక కదల్లేదు. మళ్లీ తీసింది, కదల్లేదు. ఛార్జింగ్ మునుపటికన్నా కొంత త్వరగా తగ్గింది. ఆ మాట కూడా నాజియాకు దాచకుండా చెప్పింది.

మరుసటి ఉదయం నాజియా కారెక్కుతూనే షరతు పెట్టింది. "గట్టమ్మ దాటేదాక డబ్బ నా ఒళ్లెనే ఉంటది. నవ్వద్దు."

రెబెకా నవ్వలేదు. దారంతా వాన. గుట్ట దగ్గర ముందున్న జీపు, ఎప్పటిలాగే, ఉన్నట్టుండి ఆగింది. రెబెకా బ్రేకు వేసింది. పెడల్ కొట్టుకోలేదు. కారు తిన్నగా ఆగిన చోటుకూ జీపుకూ మధ్య ఒక మనిషి గొడుగు పట్టుకుని రోడ్డు దాటాడు.

జీపు కదిలింది, కారూ కదిలింది. గుట్ట వెనుకబడ్డాక నాజియా సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపి డబ్బాను వెనుక సీటులో పెట్టింది. తరువాత, పాపకు ఆ పొద్దున రెండు జడలు వేసిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.