ముఖం పడని రీలు

ఆ మధ్య ఒక శుక్రవారం పొద్దున కాఫీ కలుపుకుంటుండగా ఫోను మోగితే, ఏ బ్యాంకువాళ్ళ సందేశమో అనుకుంటూ తీసి చూశాను. మాచర్ల నుంచి మా అన్న కూతురు పంపిన వీడియో అది. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. నరసరావుపేటలో మా వీధి చివర దూది ఏకి పరుపులు కుట్టే ఆయన. వరసలు కలుపుకొని పిలుచుకోవటం మా వీధి పద్ధతి కాబట్టి ఆయన నాకు అన్న, ఆయన భార్య వదిన, ఆ పిల్లకు నేను బాబాయిని. వీడియోలో ఒక పాత నలుపు తెలుపు ఫోటో ఉంది. నేను చూస్తుండగానే ఆ ఫోటోలోని మనిషి రెప్పలార్పి, మెడ కొంచెం పక్కకు తిప్పి, నావైపు చూసి నవ్వాడు. ఫోన్లలో ఇప్పుడు ఇలాంటివి వచ్చాయట, వాళ్ళ అమ్మాయి చేసి ఇచ్చిందట. దాని కింద ఆమె గొంతు కూడా ఉంది.

"చూశావా బాబాయ్, మా నాన్న నవ్వుతన్నాడు! నా పుట్టుకలో ఇదే మొదలు. నీ చలవే."

కాఫీ అలాగే చల్లారిపోయింది. అందులో నవ్విన మనిషి వాళ్ళ నాన్న కాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కడినే మిగిలాను.

మా మేనమామకు పేటలో మసీదు వెనక వీధిలో స్టూడియో ఉండేది. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి ఆయనకు అప్పజెప్పింది. నా ఈడువాళ్ళకు ఆనాటి స్టూడియోలు గుర్తుండే ఉంటాయి: వెనక గుడ్డ మీద గీసిన మేడా మెట్లూ, ముందు ఒక చేతుల కుర్చీ, కొక్కేనికి వేలాడే ఒకే ఒక కోటు. ఆ కోటు లావుపాటివాళ్ళకు ముందువైపు సరిపోయేది కాదు, బక్కవాళ్ళకు వెనక పిన్నులు పెట్టేవాళ్ళం. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. ఆ బిగుసుకుపోయిన ముఖాలంటే నాకు చిన్నచూపు. ముఖాలు ఎవరైనా తీస్తారు, నేను తీయవలసినవి వేరే ఉన్నాయని నా నమ్మకం.

ఆ నమ్మకం లైబ్రరీలో ఫోటోల పత్రికలు తిరగేయటం వల్ల వచ్చింది. మద్రాసుకు లారీ తోలే ఒక బంధువు నాకు పాతదొక చిన్న కెమెరా తెచ్చిపెట్టాడు. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, చొక్కా జేబులో పట్టేది. దాని గొప్ప ఏమిటంటే ఒక ఫ్రేములో సగం మాత్రమే వాడుకునేది, అందువల్ల ముప్పై ఆరు బొమ్మల రీలులో డెబ్బై రెండు పడేవి. దాన్ని జేబులో వేసుకొని మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే నెపంతో వీధులన్నీ తిరిగేవాణ్ణి. గోడ మీద పడిన సైకిలు చక్రం నీడ, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో ఒంటరిగా మిగిలిన చెప్పుల జత, వాన వెలిసిన బస్టాండులో నీళ్ళల్లో తలకిందులుగా కనపడే జనం తీసేవాణ్ణి. మా మామ డార్క్ రూములో ఆ రీళ్ళు చూసి తల పట్టుకునేవాడు.

"ఒరేయ్, మనుషుల్ని తియ్యమంటే నీడల్ని తీస్తావేందిరా? నీడ వచ్చి పటం కట్టించుకుంటదా?" అనేవాడు. నాకు ఆయన మీద జాలేసేది.

అన్న పని చేసేది ఇంటి ముందు రేకుల పంచలో. ఈ తరానికి తెలియదు గానీ, పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని పెద్ద విల్లులాంటి దాని నారి మీద పెట్టి కొయ్య సుత్తితో కొడుతుంటే, దూది విడిపోయి మబ్బులాగా పైకి లేచేది. ఆ నూగు ముక్కులోకి, నోట్లోకి పోకుండా ముఖానికి తువాలు చుట్టుకునేవాడు, కళ్ళు మాత్రం వదిలి. ఒకరోజు పదిన్నర వేళ అటుగా పోతుంటే రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా దిగి, ఆ చారల్లో దూది తేలుతూ, దాని నడుమ ఆయన నల్లటి ఆకారంగా విల్లు పట్టుకొని కనిపించాడు. రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చొని తీయటం మొదలుపెట్టాను.

అన్న నన్ను చూసి సుత్తి ఆపాడు. ఫోటో అంటే ఆయనకు మహా సరదా, కానీ స్టూడియోకు వచ్చే తీరిక ఏనాడూ దొరకలేదు. తువాలు ముడి విప్పబోతూ, "ఉండు తమ్ముడా, మొఖం కడుక్కొస్తా. దెయ్యంలాగా ఉండాను" అన్నాడు.

నేను చెయ్యెత్తి ఆపాను. "వద్దన్నా, తువాలు తియ్యబాక. అట్టనే కొట్టు. చానా బాగుంది."

ఆయన నవ్వుతూ మళ్ళీ కొట్టాడు. వెలుతురు ఆయన వెనక ఉంది. కళ్ళు కూడా నీడలో కలిసిపోయాయి. అలాగే కలిసిపోవాలని కోరుకున్నది నేనే. ముప్పైకి పైగా తీశాను.

ఇంతలో వదిన లోపలి నుంచి తొంగి చూసి, సంగతి తెలుసుకొని, "ఏమయ్యా, ఆయన్ని ఒక్కణ్ణే తీస్తావా, మాయిద్దరికీ ఒకటి తియ్యవా? పెళ్ళప్పుడు కూడా తీయించుకోలా" అని, నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళింది. చంకలోని బిడ్డను పక్కింట్లో ఇచ్చి వచ్చిన సంగతి, ట్రంకుపెట్టె మూత చప్పుడు నాకు తెలుస్తూనే ఉన్నాయి. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకొని తల దువ్వుకొని బయటికి వచ్చేసరికి ఎండ చారలు గోడ వైపు జరిగిపోయాయి. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన బిగుసుకొని నిలబడే ఫోటో కోసం రీలు పాడుచేసుకోవటం నాకిష్టం లేకపోయింది. సాయంత్రం కోటప్పకొండ మెట్ల మీద నీడల కోసం వెళ్ళాలనుకుంటున్నాను. కెమెరాను జేబులో వేసుకుంటూ, "రీలు అయిపోయింది వదినా, ఇంకోసారి తీస్తాలే" అన్నాను.

లోపల ఇంకా ముప్పై ఉన్నాయి.

వదిన చీర కొంగు సర్దుకుంటూ, "అయితే అనవసరంగా కట్టుకున్నా" అని నవ్వేసింది. అన్న, "పోనీలే, పండగ ముందే వచ్చింది మీ వదినకు" అన్నాడు. ఆ తరవాత వారం, నెల, ఆరు నెలలు, నేను ఆ వీధిలోనే రోజుకు నాలుగుసార్లు నడిచాను. ఎదురైనప్పుడల్లా అన్న, "ఏందీ, రీలు వచ్చిందా?" అని అడిగేవాడు. నేను నవ్వుతూ నడిచిపోయేవాణ్ణి. ఈలోపు తువాలు కట్టుకున్న ఆ బొమ్మను పెద్దది చేసి గుంటూరులో ఒక పోటీకి పంపితే బహుమతి వచ్చింది. మంచుతుఫానులో యోధుడిలాగా ఉన్నాడని అక్కడెవరో పొగిడారు. ఆ పొగడ్త చాలా కాలం నెమరేసుకున్నాను. బొమ్మ ఒక కాపీ అన్నకు ఇస్తే చూసి, "ఇందులో నేనెక్కడ?" అని అడిగాడు. అదీ నాకు గర్వంగానే అనిపించింది.

దూది నూగు ఆయన ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి చేరుతూనే ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళి తిరిగొచ్చి, మంచానపడి, నెల తిరగకుండా పోయాడు. ఆ రోజు మా మామ పెద్ద కెమెరా తీసుకొని గురజాలలో ఒక పెళ్ళికి వెళుతూ, షాపు చూసుకోమని నాకు చెప్పి వెళ్ళాడు. ఆయన బస్సెక్కిన గంటకు నేను తాళం వేసి ఎత్తిపోతల జలపాతం దగ్గర నీళ్ళను ఫోటో తీయటానికి వెళ్ళిపోయాను. అన్న తమ్ముడు రొంపిచెర్ల నుంచి వచ్చి, కడసారి ఒక్క ఫోటో అయినా తీయిద్దామని మా స్టూడియోకు రెండుసార్లు పరుగెత్తుకొచ్చాడట. తాళం చూసి వెళ్ళిపోయాడట. నేను పొద్దుగూకి వచ్చేసరికి మట్టిచేసి వచ్చి అందరూ కాళ్ళు కడుక్కుంటున్నారు.

నలభై రోజుల తరవాత వదిన స్టూడియోకు వచ్చింది. పోయినవాళ్ళ ఫోటోలో మూసిన కళ్ళను కుంచెతో తెరిపించటం, లేని కోటు తొడగటం మా దగ్గర జరుగుతుందని ఆమెకు తెలుసు. నేను ఇచ్చిన బొమ్మను బల్ల మీద పెట్టి, "ఈ తువాల కింద మొఖం ఉంది గదయ్యా. కాస్త గట్టిగా కడిగితే పైకి రాదా?" అని అడిగింది. ఏడవలేదు. బట్ట మీద మరక గురించి అడిగినట్టు అడిగింది. బిడ్డకు రెండేళ్ళు నిండలేదు, పెద్దయ్యాక ‘మా నాన్న ఎట్టా ఉంటాడే’ అంటే చూపించటానికి ఏమీ లేదు అంది.

అప్పుడైనా నిజం చెప్పవలసింది. పోయినవాళ్ళ ఫోటో లేనప్పుడు పోలికలున్న అన్నదో తమ్ముడిదో తీసుకొని, ఇంట్లోవాళ్ళు చెప్పిన గుర్తులను బట్టి దిద్ది ఇవ్వటం ఆనాటి స్టూడియోలకు కొత్త కాదు. కాని అది చెప్పి చేసే పని. చెబితే, ఆ రోజు తువాలు తీయనియ్యనిది ఎవరు, రీలు అయిపోయిందన్నది ఎవరు అనే మాట ఆమె నోటి నుంచి వస్తుందేమోనని భయపడ్డాను. ప్రయత్నిస్తానని పంపించి, అన్న తమ్ముడు రేషను కార్డు కోసం మా దగ్గర తీయించుకున్న ఫోటో నెగెటివు వెతికి, పెద్దది చేసి, వారం రోజులు కూర్చొని దిద్దాను. దవడలు తగ్గించాను, మీసం పలచన చేశాను, కళ్ళు కొంచెం లోపలికి దింపాను. రీలు చివర ఒకదాంట్లో తువాలు జారి ముఖం పడిందని చెప్పి వదిన చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది.

"కాస్త ఒళ్ళు చేసినట్టుండాడే?"

"ఫోటోలో అట్టాగే పడతారు వదినా."

తలూపి, కొంగులో చుట్టుకొని వెళ్ళిపోయింది. తరవాత కొన్నాళ్ళకు పుట్టింటికి బెల్లంకొండ వెళ్ళింది. పిల్లను మాచర్లలో ఇచ్చింది. ఇప్పుడు వదినా లేదు, ఆ తమ్ముడూ లేడు, మా మామా లేడు. స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు, దానిపైన ఒక గదిలో నేను ఉంటున్నాను. నా మంచం కింద రేకు పెట్టెల్లో వేల నెగెటివులు ఉన్నాయి. గోడలు, నీడలు, నీళ్ళు. మా అమ్మ ఫోటో కోసం వెతికితే, ఆవిడ బియ్యం చెరుగుతున్నప్పుడు గోడ మీద పడిన చేటనీడ దొరికింది.

వీడియో వచ్చిన మూడో రోజు గురజాల మీదుగా వెళ్ళే బస్సెక్కి మాచర్ల వెళ్ళాను. ఆ తువాలు బొమ్మ వెంట తీసుకెళ్ళాను. అన్నం పెట్టేదాకా ఆగితే మళ్ళీ ధైర్యం చాలదని, గడపలోనే మొదలుపెట్టి అంతా చెప్పాను, ముప్పై బొమ్మల సంగతితో సహా. ఆమె గోడ మీది పటం వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"అదేంది బాబాయ్! అయితే పుట్టిందగ్గర్నుంచీ నేను పొద్దున్నే చెప్పుకున్న సలాములన్నీ చిన్నాన్నకా? ఆయన బతికుండగా ఒక్కనాడు నాకు పప్పుబిళ్ళ కొనిపెట్టలేదే!" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకొని ఇంకో మాట అడిగింది. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ భారమైంది.

"పోనీలే. నువ్వు నాన్నను కళ్ళారా చూసినోడివి గదా. చెప్పు, ఎట్టా ఉండేవాడు?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఎండ చారలు వచ్చాయి. దూది పింజలు ఒక్కొక్కటీ వచ్చాయి. కనురెప్పల మీద పేరుకున్న నూగు, తువాలు అంచు నీలం గీత, నారి మోత, "రీలు వచ్చిందా" అన్న గొంతు, అన్నీ వచ్చాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి నేను దిద్దిన ముఖమే వచ్చింది. వారం రోజులు కుంచె పట్టుకొని నా తలలోంచి కూడా ఆయనను చెరిపేసుకున్నానని అప్పుడు తెలిసింది.

గుర్తు లేదమ్మా అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పటం గోడ మీద నుంచి తీయలేదు. "మా అమ్మ దాన్ని చూస్తానే ప్రాణం వదిలింది, ఉండనియ్యి" అంది.

ఈ రోజుల్లో మనుషులు తమ ముఖాలను రోజుకు పదిసార్లు తీసుకుంటుంటే పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నవాణ్ణే. ఇప్పుడు కింద సెల్‌ఫోన్ల దుకాణం ముందు పిల్లలు తలలు ఆనించుకొని ఫోటో దిగుతుంటే కిటికీలోంచి చూస్తూ, దిగండి నాయనా, ఎన్నయినా దిగండి అనుకుంటాను. వాళ్ళకు రీలు అయిపోదు. అయిపోయిందని చెప్పే మనిషి కూడా అక్కర్లేదు. మా కాలంలో ఒక మనిషి ముఖం మిగలటమా పోవటమా అన్నది నాలాంటివాడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడేది. మేము కళ అనుకున్న దానికి ఎవరి ముఖాలు ఖర్చయ్యాయో మాకు పట్టేది కాదు.

అప్పటినుంచి ఆమె ప్రతి శుక్రవారం ఫోను చేస్తుంది. తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడిగి, చివర్లో కొంచెం గొంతు తగ్గించి, "ఏమన్నా గుర్తొచ్చిందా బాబాయ్?" అంటుంది. ముక్కు మీ అమ్మాయి ముక్కేనమ్మా అనో, నవ్వితే బుగ్గ సొట్టపడేదనో ఒక్క మాట అంటే చాలు, అవతల ఆమె ఎంత సంతోషపడుతుందో నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, "రాలేదమ్మా, ఇంకా రాలేదు" అంటాను. "సరే, వచ్చే వారం చేస్తా" అని పెట్టేస్తుంది.