దొడ్డిదారిన తెరుచుకున్న సొరుగు

కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో చూసుకోని మనిషి కాబట్టి ఆఫీసులో ఆమెకు మిర్చి అని పేరు పడిపోయింది. ఆసుపత్రుల్లో మందుల బీరువాలను నడిపే ప్రోగ్రాం రాస్తుంది. నర్సు తెర మీద రోగి పేరు, మందు, మోతాదు కొట్టాలి. మూడూ సరిపోతేనే సొరుగు తెరుచుకోవాలి. ఆ తెరిచే ఫంక్షన్‌ను, అంటే ఆ పని చేసే కోడ్ ముక్కను, ప్రైవేటుగా పెట్టింది మిర్చే. సరిచూసే ఫంక్షన్ తప్ప బయటి కోడ్ ఏదీ దాన్ని పిలవడానికి వీల్లేదు.

ఆ ధీమాతోనే సొంత అక్కతో మాటలు పోగొట్టుకుంది. అక్క ఆ బీరువాలే వాడే ఒక ఆసుపత్రిలో నర్సు. పోయిన నెల ఆమె చేతి మీదుగా ఒకరి మందు ఇంకొకరికి వెళ్ళింది. ప్రాణం దక్కింది గానీ, తప్పుడు వివరాలు కొట్టి తెరిచిందని అక్కను ఇంటికి పంపేశారు. విచారణ ఇంకా నడుస్తోంది. "కంగారులో పక్క సొరుగు నొక్కానే, కానీ అది నన్నేమీ అడగలేదు, తెరుచుకుంది" అని అక్క మొత్తుకుంది. "నా కోడ్‌లో అలా జరగదక్కా. తప్పు చేసి మిషన్ మీదికి నెట్టకు" అంది మిర్చి. ఆ రోజు నుంచి అక్క ఫోన్ చెయ్యడం మానేసింది.

ఇవాళ పొద్దున కోడ్ శుభ్రం చేస్తూ మిర్చి ఆ ఫంక్షన్ పేరు మార్చింది. ముందు వెతికి కూడా చూసింది, బయట ఎక్కడా ఆ పేరు లేదు. మధ్యాహ్నానికి అక్క పనిచేసిన వార్డులో బీరువాలు మొరాయించాయి. మిగతా చోట్లంతా బాగానే ఉంది. నర్సులు తాళంచెవితో సొరుగులు తీసుకుని పని నడుపుకుంటున్నారు గానీ, మేనేజరు మాత్రం మిర్చి మీద విరుచుకుపడ్డాడు.

తవ్వితే బయటపడింది. పక్క సీటు సీనియర్, అందరూ దొడ్డిదారి సారు అని పిలుచుకునే పెద్దమనిషి, ఆ పేరును రెండు ముక్కలుగా రాసి, ప్రోగ్రాం నడిచేటప్పుడు అతికించి, లోపల ఆ పేరుతో ఏదుంటే దాని కాపలా తీసేసి, సరిచూడకుండానే నడిపించమని ఆ ఒక్క వార్డుకు రాసిపెట్టాడు. పొద్దున పేరు మారేసరికి అది దొరక్క అక్కడి సొరుగులు ఆగిపోయాయి. ముక్కలైన పేరు వెతికితే ఎలా దొరుకుతుంది? మిర్చికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎప్పుడు పెట్టారు సార్ ఇది?"

"పోయిన చలికాలంలో అనుకుంటా. సరిచూడ్డానికి ఆలస్యమవుతోందని ఆ వార్డు వాళ్ళు ప్రాణం తోడేస్తుంటే..." నీళ్ళు నమిలాడాయన. "ప్రైవేటు కాపలా దాటే వసతి ప్రోగ్రాం భాషలోనే ఉందమ్మా. నేను కనిపెట్టానా?"

"కోడ్ పరీక్షించుకోడానికి వాడుకోండి, ఎవరొద్దన్నారు? మనుషులు మింగే మందులకా? విచారణలో కూర్చుని, సరిచూడందే సొరుగు తెరుచుకోదని చెప్పింది మీరే కదా! సిగ్గనిపించలేదా?"

మేనేజరు కలగజేసుకున్నాడు. "గొడవలు తర్వాత. ముందు పాత పేరు పెట్టెయ్, అంతా సర్దుకుంటుంది."

"ఏం సర్దుకుంటుంది? మా అక్క ఉద్యోగమా? పెట్టను. చస్తే పెట్టను."

మేనేజరు వద్దు వద్దంటుండగానే ఆ కోడ్ మొత్తం విచారణ చేస్తున్న డాక్టరుకు పంపేసింది. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది అక్క.

"అక్కా, నువ్వు చెప్పిందే నిజం. అది అడక్కుండానే తెరుచుకుంది. కోడ్‌లో చూశాను."

"కోడ్‌లో చూశావా," అంది అక్క. "నేను ఏడ్చి చెప్పినప్పుడు మాత్రం నమ్మలేదు కదే."

ఫోన్ పెట్టేసింది.