ముల్లంగితో చేసిన అరటిపండు కేకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది పంచినా పెద్ద ముక్క తమ్ముడికే వెళ్లేది. అలా కాదని మా అమ్మ చివరిదాకా వాదించింది. అనుమానంగా ఉంటే కంచాలు మార్చుకోమనేది. మార్చుకునేదాన్ని. తీరా మార్చుకున్నాక, నేను వదిలేసిన కంచమే నిండుగా కనిపించేది. ఇందులో కిటుకేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

మేము ఒడిశాలో బరంపురం దగ్గర దిగపహండిలో ఉండేవాళ్లం. ఒక వేసవిలో మా నాన్న బరంపురం వెళ్లి తమ్ముడికి కొత్త తోలు చెప్పులు తెచ్చారు. నాకు వచ్చే నెల తెస్తానన్నారు. పాతవి ఇద్దరివీ ఒకేలా అరిగిపోయాయి. మరి వాడికే ముందెందుకు? నేను అన్నం మానేసి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. అందరూ నన్ను దాటుకుంటూ తమ పనులు చేసుకున్నారు. అదీ నాకు గుర్తే.

అప్పుడు మా చిన్నత్త సెలవు మీద వచ్చి ఉంది. నాన్న చెల్లెలు, బరంపురంలో నర్సు. స్వదేశం వెళ్లిపోతున్న ఒక తెల్ల డాక్టరమ్మ ఆమెకో పాత వంట పుస్తకం ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వాళ్ల దేశంలో గుడ్లూ వెన్నా పంచదారా రేషన్ మీద కొలిచి ఇచ్చేవారట. లేనిదాన్ని ఉన్నట్టు మరిపిస్తూ ఎలా వండుకోవాలో ఆ పుస్తకం చెబుతుంది. సెలవుకు వచ్చినప్పుడల్లా అత్త అందులోంచి ఒకటి చేసేది.

ఆ రోజు అరటిపండు లేని అరటిపండు కేకు వంతు. పళ్లు దొరకని ఆ కాలంలో ఏదో తెల్లటి దుంప ఉడికించి మెదిపి, అరటిపండు వాసన వచ్చే చుక్కలు కలిపేవారట. ఆ దుంప ఏమిటో అత్తకు తెలియదు. బొమ్మ చూసి ముల్లంగి అని తేల్చేసింది. మా నడవలో మాత్రం పండిన గెల దూలానికి వేలాడుతోంది.

"ఏటమ్మా, ఇంట్లో గెల ఏలాడతంటే ముల్లంగి ఉడకబెడతన్నావేటి?" అంది అమ్మ.

"యుద్ధం వచ్చినాక నేర్సుకుంటామేటి వదినా? కలిగినప్పుడే నేర్సుకోవాల," అంది అత్త.

నాకు తల తిరిగింది. ఉన్న పండును పక్కన పెట్టి లేనట్టు నటించడం ఏమిటి? గుమ్మం దగ్గర పడుకునే ఆ మాట అడిగాను. అత్త ముల్లంగి మెదుపుతూనే ఉంది.

అత్త పాత డేగిసాలో ఇసుక పోసి, మధ్యలో పిండి గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసింది. ఇల్లంతా ముందు ముల్లంగి వాసన, ఆ తర్వాత అరటిపండు వాసన. పంతం పట్టి పస్తున్న పిల్లకి అంతకంటే అన్యాయం ఉండదు.

కాసేపటికి అత్త రెండు పళ్లేలతో వచ్చింది. "ఓలే, లెగు. ఒకటి నిజం అరటిపండుతో సేసినాను, ఒకటి ముల్లంగితో. నీకు కావాల్సింది నువ్వే ఏరుకో. మిగిలింది ఆడికి."

ఏరుకునే హక్కు నాకు ముందు రావడం అదే మొదలు. రెండూ వాసన చూశాను, చిటికెడు చొప్పున తుంచి తిన్నాను. ఒకదాంట్లో అసలు పండే, అనుమానం లేదు. రెండోది ముల్లంగి, గొంతులో ఘాటు కూడా తగిలింది. దాన్ని తమ్ముడి వైపు తోసేశాను.

వాడు లొట్టలు వేస్తూ తిన్నాడు. అదే నా కొంప ముంచింది. వాడి పళ్లెంలోంచి ఒక ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాను. అరటిపండు! అంటే నాదే ముల్లంగి. "పళ్లేలు మార్సేసినావు!" అని అత్త మీద అరిచి ఏడ్చాను.

అత్త నవ్వలేదు. ఖాళీ గిన్నె తెచ్చి చూపించింది. "గిన్నె ఒకటే, కేకూ ఒకటే. సగానికి కోసినాను. రెండూ ముల్లంగే, పిచ్చిదానా. ఎల్లి గెల సూసుకో."

గెలలో ఒక్క పండూ కదల్లేదు. ఒకే కేకు నా నోట్లో రెండు రుచులు ఎలా అయింది?

"నువ్వు నాలుకతో తినలేదే. ఆడి పళ్లెం సూసుకుంటా తిన్నావు," అంది అత్త.

"ఇంకో ముక్క ఉందేటత్తా?" అన్నాడు తమ్ముడు.

నేను కళ్లు తుడుచుకుని అడిగాను. "మరి సెప్పులో? అయ్యి కూడా సగానికి కోసినారేటి?"

అత్త నాన్న వైపు చూసింది. నాన్న పెరట్లోకి వెళ్లిపోయారు. అత్త నా పక్కన కూర్చుని, మిగిలిన కేకు నా నోట్లో పెడుతూ మెల్లగా అంది. "సెప్పులు కేకు కాదులేవే."

నాన్న చెప్పిన 'వచ్చే నెల' ఆ ఏడంతా రాలేదు.

ఇప్పుడు బరంపురం లంజిపల్లిలో మా మనవరాలు అలాంటి యుద్ధకాలపు వంట పుస్తకాలు ఫోన్‌లో వెతికి మరీ ఆ వంటలు ఇంట్లో చేస్తోంది. మొన్న మా తమ్ముడు వచ్చినప్పుడు ఆ కేకే చేసింది. ఆ దుంప ముల్లంగి కాదట. కానీ అది ఇక్కడ దొరకదని తనూ ముల్లంగే వేసింది. వాడి ముక్క పెద్దదిగా కనిపించింది.

నన్ను ఎవరైనా తక్కువ చేశారనిపించినప్పుడల్లా ముందు నాకు నేనే ఒక ప్రశ్న వేసుకుంటాను. ఇది కేకా, చెప్పులా? కేకైతే నోరు మూసుకుంటాను. చెప్పులైతే మరచిపోను. చాలాసార్లు ఏదో తేల్చుకోలేను. మొన్నా తేలలేదు. చెయ్యి చాచి వాడి ముక్కలోంచి కొంచెం తుంచుకున్నాను. వాడు పళ్లెం నా వైపు జరిపాడు.