పగులు మీద గాజుపలక

మా పెద్దమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల్ని పలకరిస్తుంది. వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి ఒగ్గి వింటుంది.

"మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడూ అంతే. నాతో ఒక్క మాట మాట్లాడలేదు గానీ, నా వెనక గోడకి చెమ్మ ఎక్కిందని మా అమ్మకి చెప్పింది," అంటాడు పెదనాన్న.

"ఎక్కిందా లేదా, అది చెప్పండి," అంటుంది పెద్దమ్మ. ఇన్నేళ్ళయినా ఆ తగవు తెగలేదు.

పాత కట్టడాలను కాపాడటం ఆమె వృత్తి. అన్నిట్లోకీ ఆమె ప్రాణం మా వీధి చివరి చర్చి మీదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరో దాని గోడలకు మెత్తిన సిమెంటునంతా గీకించి సున్నపు పూత వేయించింది. సిమెంటు చెమ్మను లోపలే బంధిస్తుంది, సున్నం బయటికి వదిలేస్తుంది. "గోడకీ ఊపిరాడాలి కదే," అనేది నాతో.

ఆ చర్చి గంటగోపురంలో ఒక పగులు కనిపించింది. అది ఎప్పుడో ఆగిపోయిన పగులా, గోపురం ఇంకా కదులుతోందా అన్నది తేలాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక అంటిస్తే, గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. పెద్దమ్మే పరంజా ఎక్కి అంటించి వచ్చింది. అది విరిగితే గోపురాన్ని కప్పుదాకా దించేయాలని సంఘపెద్దలు తీర్మానించారు. దాని కిందే పిల్లలు ఆడుకుంటారు మరి. వాళ్ళ భయాన్ని తప్పుపట్టలేం.

వానలు వెలిశాక ఒక ఉదయం మేస్త్రి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"విరిగిందమ్మా."

పెద్దమ్మ తింటున్న కంచం పక్కకు జరిపింది.

"తినేసి వెళ్ళు. గోపురం ఎక్కడికీ పోదు," అన్నాడు పెదనాన్న.

"పోతుందనే కదండీ," అంటూ లేచింది.

చర్చి దగ్గర ఫాదర్ ఎదురొచ్చారు. "నాకూ మనసొప్పడం లేదమ్మా. కానీ పరీక్ష పెట్టింది మీరే కదా."

ఆమె నేరుగా వెళ్ళి పరంజా ఎక్కింది. వెనకే మేస్త్రి. విరిగిన గాజు పక్కన వేలితో కొట్టింది. డొల్లగా మోగింది. ఇంకో పక్క కొట్టింది. అక్కడా అంతే. మేస్త్రి తాపీ అంచుతో మెల్లగా గీకాడు. వానకు ఉబ్బిన సున్నపు పూత రాతిని విడిచి అప్పచ్చిలా ఊడివచ్చింది. గాజు అంటించింది ఆ పూత మీద.

"అందరి గోడలూ తడతారు. దీన్నెలా వదిలేశారమ్మా?"

"నేను వేయించిన పూత కదా అని నమ్మేశాను."

"వేసింది నేనే. నేనూ నమ్మేశాను," అన్నాడు మేస్త్రి.

మొహం నిండా సున్నంతో పెద్దమ్మ కిందికి దిగింది. "తప్పు నాది ఫాదర్. గాజు రాతి మీద అంటించాలి. పూత మీద అంటించాను. ఆ పూతే కదిలింది."

ఫాదర్ మొహం విప్పారింది. "అయితే గోపురం గట్టిదేనన్నమాట!"

"అలా అనలేను. మనకింకా ఏమీ తెలీదు. రాయి బయటపడేదాకా గీకి మళ్ళీ అంటిస్తాను. వచ్చే వానలు దాటేదాకా ఆగండి. అందాకా గంట మోగకూడదు, పిల్లలు ఇటు రాకూడదు."

"అదీ విరిగితే?"

"మొదటి రాయి నేనే దింపిస్తాను."

సంఘపెద్దలు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మళ్ళీ వానలొచ్చాయి. చినుకు పడితే చాలు, పెద్దమ్మ కిటికీ దగ్గర తేలేది. "పోనీ వెళ్ళి దానికి గొడుగు పట్టి రారాదూ?" అనేవాడు పెదనాన్న. ఆమెకు నవ్వొచ్చేది కాదు.

వానలు పోయాయి. గాజు చెక్కుచెదరలేదు. ఫాదర్ గంట కొట్టిస్తానన్నారు. ఊపుకు గోపురం తట్టుకుంటుందో లేదో చూడాలని పెద్దమ్మ గాజు పక్కనే, పరంజా మీద నిలబడింది. కింద మేమంతా దూరంగా నిలబడి తలలెత్తి గంటను చూస్తున్నాం. ఆమె మాత్రం గాజు మీంచి కళ్ళు తిప్పలేదు.

గంట మోగింది. మోత ఆగాక ఆమె వేలి కణుపుతో రాతిని ఒక్కసారి తట్టి, కిందికి కేక వేసింది.

"ఇంకోసారి కొట్టించండి ఫాదర్!"